పండుగ నాడూ పది నిమిషాలు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యోగాభ్యాసం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. నేను యోగాచార్యుణ్ణి కాను. సర్వీసంతా కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూసినవాణ్ణి. రిటైరయ్యాక నడుము నొప్పికి డాక్టరు గారు సలహా ఇస్తే మొదలుపెట్టి, పడుతూ లేస్తూ సాగిస్తున్నవాణ్ణి. అందుచేత ఆసనాల మహిమ చెప్పను. నేను పడిన సంగతులే చెబుతాను.

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో తీర్మానం చేసిన మీదట, 2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతోంది. ఆ రోజున మైదానంలో పదిమందితో కలిసి చాప పరచడం ఏమంత కష్టం కాదు. అసలు పరీక్ష జనవరి 14న. సార్వా పంట ఇంటికి వచ్చి, దాళ్వా పనులు మొదలయ్యే రోజులు. పిల్లలు, అల్లుళ్ళు, మనవలు దిగుతారు. వాకిట్లో హరిదాసు, వీధిలో గంగిరెద్దు, వంటింట్లో అరిసెల పాకం. చాప పరుద్దామంటే దానిమీద అప్పటికే ఎవరో పడుకుని ఉంటారు!

పైగా మన పెనుగొండకు పండుగల కొదవ లేదు. దసరా నవరాత్రులు, మాఘ శుద్ధ విదియనాడు వాసవీ అమ్మవారి ఆత్మార్పణ దినం, వైశాఖ శుద్ధ దశమికి అమ్మవారి జయంతి. ఎక్కడెక్కడి వారో వస్తారు. వారిలో మన ఇంటి చుట్టాలూ ఉంటారు. ఇవి చాలక క్రికెట్ మ్యాచీలు, ఎన్నికలు, డి.ఎ. బకాయిల కబుర్లు. ఉత్సాహానికి ఏ నెలా ఖాళీ లేదు.

నేను అభ్యాసం మొదలుపెట్టిన తొలి ఏడు, భోగినాడు మానేశాను. "పండుగ వెళ్ళాక చూద్దాం" అనుకున్నాను. కనుమ వెళ్ళింది, ముక్కనుమ వెళ్ళింది, చుట్టాలూ వెళ్ళారు. నా బద్ధకం మాత్రం వెళ్ళలేదు. ఉగాది నాటికి సిగ్గు పుట్టి, పోయిన రోజులన్నీ ఒక్క పూటలో రాబట్టాలని పన్నెండు సూర్యనమస్కారాలు ఏకబిగిన చేశాను. నడుము పట్టేసింది. వారం రోజులు మంచం మీదనే. ఉగాది పచ్చడి కూడా మా ఇంటావిడ మంచం దగ్గరకే తెచ్చి ఇచ్చింది.

దాంతో మరుసటి ఏడు గట్టి పట్టు పట్టాను. ఆకాశం విరిగిపడినా తెల్లవారుజామున గంటసేపు నా సాధన నాదే అని ప్రకటించాను. భోగినాడు తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. బయట మంటకు కట్టెలు పేరుస్తున్నారు. మా మనవడు పిడకల దండ చేత్తో పట్టుకుని "తాతయ్యా, రా! వెలిగించేస్తున్నారు" అని తలుపు కొట్టాడు. పలకలేదు. మళ్ళీ కొట్టాడు. లేచి తలుపు తీసి, నోటికి వచ్చినట్లు కసిరాను. వాడు మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ వెళ్ళి ప్రాణాయామానికి కూర్చున్నాను. ఊపిరి నిలబడలేదు.

గంట అయ్యాక వంటింట్లోకి వెళ్తే, మా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఏమండీ, మీ శాంతి కోసం ఇంటిల్లిపాదీ నోరు మూసుకుని తిరగాల్సి వచ్చింది" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మనవడు మూడు రోజులూ నా పక్కకు రాలేదు. ఆ పై ఏడు వాళ్ళకు సెలవు దొరకలేదు. ఆ భోగి మళ్ళీ రాలేదండీ.

ఆ దిగులుతో ఉన్నప్పుడు స్వాత్మారాముడు రచించిన 'హఠయోగ ప్రదీపిక' చదివాను. యోగాన్ని చెరిచేవి ఆరు అని మొదటి అధ్యాయంలోనే చెప్పారు. అత్యాహారం, ప్రయాస, ప్రజల్పం, నియమాగ్రహం, జనసంగం, లౌల్యం. అంటే అతిగా తినడం, ఒళ్ళు అలిసేటట్లు శ్రమపడడం, వ్యర్థ ప్రసంగం, గుంపుల్లో తిరగడం, మనసు చపలంగా పరుగులు తీయడం. సంక్రాంతి నాడు మన ఇళ్ళన్నీ ఇవేనని నవ్వు వచ్చింది. కాని నాలుగవ దాని దగ్గర ఆగిపోయాను.

నియమాగ్రహం అనే మాటను రెండు విధాల విడదీయవచ్చు. నియమ, అగ్రహం అంటే నియమాన్ని పట్టించుకోకపోవడం. నియమ, ఆగ్రహం అంటే నియమాన్ని పట్టుకుని వేళ్ళాడడం. మొదటి ఏడు నేను చేసింది ఒకటి, రెండో ఏడు చేసింది రెండవది. పైగా మన తెలుగులో ఆగ్రహం అంటే కోపం. మనవడి మీద అది కూడా చూపించాను! ఒక్క మాటలో నా చరిత్రంతా ఉంది.

అప్పటి నుంచి పండుగలకు వేరే పద్ధతి పెట్టుకున్నాను. పండుగ రోజుల్లో పది నిమిషాలే. వేళ ఇదీ అని లేదు. భోగిమంట అయ్యాక, పొగ లేని గదిలో, టిఫినుకు ముందు. గోడ పట్టుకుని తాడాసనం, కుర్చీలో కూర్చుని మెడ, భుజాల కదలికలు, ఊపిరి బిగబట్టకుండా అనులోమ విలోమం, చివర కాసేపు శవాసనం. అంతే. మిగిలిన గంట ఇంటికి ఇస్తాను. అరిసెలు చెక్కలతో నొక్కి నూనె తీసే పని ఇప్పుడు నాదే. మా ఆవిడ ఆ పది నిమిషాలూ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటోంది.

సోదరులకు కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తాను. విందు భోజనం చేసి ఆసనాలు వేయకండి. మూడు, నాలుగు గంటలు ఆగండి. బి.పి., గుండె జబ్బు, కంటిలో నీటి ఒత్తిడి ఉన్నవారు శీర్షాసనం, కపాలభాతి జోలికి పోకండి. పండుగ హడావుడిలో బి.పి., షుగరు మాత్రలు మరచిపోకండి. యోగం చేస్తున్నాం కదా అని మానకండి. నాలుగు రోజులు తప్పితే అయిదో రోజు సగంతో మొదలుపెట్టండి. బకాయిలు ఏకమొత్తంగా రాబట్టుకోవడం డి.ఎ. విషయంలో బాగుంటుంది గాని, సూర్యనమస్కారాలకు పనికిరాదు.

అభ్యాసం దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో సాగాలని పతంజలి మహర్షి అభిప్రాయం. ఎడతెగకుండా అన్నది నాకు మొదటి ఏడు అర్థం కాలేదు. ఆదరంతో అన్నది రెండో ఏడు అర్థం కాలేదు. ఆ ఆదరం చాప మీదే కాదు, తలుపు తట్టిన మనవడి మీద కూడా ఉండాలి.

ప్రభుత్వానికి మనం బ్రతికి ఉన్నామని ఏడాదికి ఒకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. మన ఒంటికి మాత్రం రోజూ ఇవ్వాలి. దానికి పది నిమిషాలు చాలు.