వణుకు వచ్చినవేళ



గీత అనగానే మనకు ఉపదేశం స్ఫురిస్తుంది గాని, దానికి ముందు వణికిన దేహం స్ఫురించదు. ప్రథమాధ్యాయంలో అర్జునుడు తన స్థితిని తానే విన్నవించుకొన్నాడు. అవయవాలు పట్టు తప్పుతున్నాయట, నోరు ఎండుతోందట, ఒళ్ళు కంపిస్తోందట, గాండీవం జారిపోతోందట, మనస్సు గిర్రున తిరుగుతోందట. నేటి వైద్యులు పానిక్ ఎటాక్ అనేదానిలోనూ ఇటువంటి లక్షణాలే కనబడతాయి. అర్జునునిది శోకం, ధర్మసందేహం. రెండూ ఒకటేనని నేననను. దేహం పలికే భాష మాత్రం ఒకటే.

అరవై ఎనిమిదవ ఏట అది నాకూ వచ్చింది. దర్శనం క్యూలో, ఇనుప కమ్మీల నడుమ నిలుచుండగా గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు, అంత్యకాలం సమీపించిందనే అనుకొన్నాను. పరీక్షించిన వైద్యుడు గుండెకు లోపం లేదన్నారు. (అటువంటిది వచ్చినవారు ముందు పరీక్ష చేయించుకొని తీరాలి. వేదాంతం ఈసీజీకి బదులు కాదు.) ఆ తరువాత కూడా అది పలుమార్లు వచ్చింది. "ఇంత చదివినవారు, మీకు భయమేమిటండీ?" అన్నవారున్నారు.

శ్రీకృష్ణుడు కూడా మొదట మందలించాడు. ఫలితమేమి? అర్జునుడు యుద్ధం చేయనని చెప్పి మౌనం వహించాడు. అటుపిమ్మట స్వామి చిరునవ్వుతో బోధ ఆరంభించి, శీతోష్ణాలూ సుఖదుఃఖాలూ వచ్చిపోయేవి, ఓర్చుకొమ్మన్నాడు. ఆ ఓర్పే తితిక్ష. 'తిజ్' ధాతువుకు పదును పెట్టడమని ఒక అర్థం. సన్ ప్రత్యయం చేరితే అదే సహించడమవుతుంది. వ్యాకరణం చదువుకొన్న రోజుల్లో ఇది నాకు సూత్రం మాత్రమే.

దడను అణచాలని జపాన్ని ఆయుధంగా పట్టి వడివడిగా నామం చెబితే దడ హెచ్చుతుంది. ఇప్పుడు అది వస్తే నేను పారిపోను, పోరాడను. పాదాలు నేలకు ఆనించి, భుజాలు వదులు చేసి, ఊపిరి నిదానంగా విడుస్తూ, "వచ్చావా, ఉండు" అనుకొంటాను. నామం తన దారిన తాను సాగుతుంది. సాధారణంగా పది నిమిషాలలోపే ఆ ఉద్ధృతి శిఖరానికి చేరి, ఆపై దిగజారుతుంది. ఒక్కొక్కసారి కాళ్ళ వణుకు మరికొంతసేపు ఉంటుంది, ఉండనిస్తాను.

మాటిమాటికీ వచ్చేవారికి వైద్యముంది. మందు వేసుకోవడం భక్తిలోపం కాదు. క్యూలో మీ ప్రక్కవారు వణుకుతూ కనిపిస్తే, "దేవుని సన్నిధిలో భయమేమిటి" అనకండి. కాస్త గాలి ఆడనిచ్చి, సేవకులను పిలిచి, వారు తేరుకొనేదాకా ప్రక్కనే ఉండండి. దర్శనం నాలుగు నిమిషాలు ఆలస్యమైతే స్వామి ఏమీ అనుకోడు.