ఎరుక వేరు, ఓర్పు వేరు

(పర్ణశాలలో జరిగిన గ్రామస్థాయి మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున మీలో చాలామంది సీతమ్మ నారచీరలు ఆరేసిందని చెప్పే బండల్ని చూసి వచ్చారు. నేనూ వచ్చాను. అక్కడ యాత్రికులు కథంతా విని చివరికి అనే మాట ఒకటే. "పాపం, ఆ గీత దాటకుండా ఉంటే ఇదంతా జరిగేది కాదు" అని. నిజానికి వాల్మీకి రామాయణంలో లక్ష్మణరేఖ లేదు. తర్వాతి కాలంలో కథలో వచ్చి చేరింది. చేరడమే కాదు, మన మనసుల్లో గట్టిగా నాటుకుపోయింది. ఎత్తుకుపోయినవాడి నేరం వెనక్కి పోయి, గీత దాటిన ఆడదాని పొరపాటు ముందుకొచ్చింది.

మన దగ్గరికి వచ్చే స్త్రీల మాటల్లో ఈ గీత రోజూ వినబడుతుంది. "ఆ రోజు నేను ఎదురు మాట్లాడకపోతే కొట్టేవాడు కాదేమో." "పుట్టింటికి పోకపోతే బాగుండేది." ఇదంతా నిన్న. ఇక రేపటి సంగతి. "రాత్రికి తాగొస్తే ఏం చెయ్యాలి?" "పోడు భూమికి పట్టా రాకపోతే ఎట్లా?" "ఈ ఏడు కూడా గోదావరి ఇంట్లోకొస్తే?" ఈ చివరి భయం ఉత్తిది కాదు. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన నీళ్ళని ఈ ఒడ్డు ఊళ్ళు చూశాయి. నిన్నటి నిందకీ రేపటి భయానికీ మధ్య ఈ స్త్రీకి 'ఈరోజు' ఎక్కడుంది? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ ఈరోజు గురించే.

దీన్నిప్పుడు పట్నాల్లో పెద్ద పేర్లతో నేర్పిస్తున్నారు. మనకు మాత్రం చక్కటి మాట ఇంట్లోనే ఉంది, ఎరుక. "నాకెరుకే", "నీకెరుక లేదా?" అని రోజూ అంటూనే ఉంటాం. ఇప్పుడు, ఇక్కడ, నా ఒంట్లో, నా మనసులో, నా ఎదుట ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు తెలిసి ఉండటమే ఎరుక. బౌద్ధులు పాళీలో దీన్ని 'సతి' అన్నారు. కంగారు పడకండి, మనకు చెప్పే పతివ్రతా సతి కాదు. సంస్కృతంలో 'స్మృతి' అనే మాటకు పాళీ రూపం అది. ఈ ఆలోచన మనకు పరాయిది కూడా కాదు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో ఉన్న స్తూపం, ఈ నేల మీద ఒకప్పుడు బౌద్ధం ఉందని చెబుతుంది.

బౌద్ధ భిక్షుణుల పద్యాల సంకలనం 'థేరీగాథ'లో పటాచార అనే ఆమె కనిపిస్తుంది. భర్తనీ, ఇద్దరు బిడ్డల్నీ, తల్లిదండ్రుల్నీ, తోడబుట్టినవాణ్ణీ పోగొట్టుకుని పిచ్చిదై తిరిగిందని ఆమె కథ. తర్వాత భిక్షుణి అయింది. ఒకరోజు కాళ్ళు కడుక్కుంటూ, ఆ నీళ్ళు పల్లానికి పారడాన్ని నిలబడి చూసింది. అక్కడ ఆమె మనసు కుదుటపడింది. ఆమెను ఎవరూ దుఃఖాన్ని మరచిపొమ్మనలేదు. అంత దుఃఖంలోనూ ఎదుట ఉన్నదాన్ని చూడగలిగింది, అంతే.

మన కాలానికి వస్తే, వియత్నాం భిక్షువు తిక్ నాట్ హాన్ 1974లో ఫ్రాన్సులో ప్రవాసంలో ఉండి ఈ విషయం మీద ఒక పెద్ద ఉత్తరం రాశాడు. అదే తర్వాత ప్రపంచమంతా చదివిన పుస్తకమైంది. ఆ ఉత్తరం ఆశ్రమాల్లో కూర్చున్నవాళ్ళకు రాసింది కాదు. యుద్ధం మధ్యలో, బాంబులకు కూలిన ఊళ్ళను మళ్ళీ నిలబెడుతున్న యువ కార్యకర్తలకు రాసింది. మనలాంటి వాళ్ళకన్నమాట. అలసిపోయి, కోపంతో కాలిపోయి, పనిని మధ్యలో వదిలెయ్యకుండా ఉండటానికి.

అందులో అంట్లు తోమే ఉదాహరణ ఒకటుంది. తోముతున్నప్పుడు తోమడం మీదే మనసు పెట్టమంటాడు. ఈ మాట నేను ఒక సమావేశంలో చెప్తే వెనకనుంచి ఒకామె, "ఎవరి అంట్లు అక్కా?" అంది. అందరం నవ్వాం. కానీ ఆ ప్రశ్నను నవ్వి వదిలెయ్యలేం. ఇంటిల్లిపాది అంట్లూ ఒక్కతే తోమేదానికి "తోమడంలో శాంతి వెతుక్కో" అని చెప్తే అది ఎరుక కాదు, పాత ఓర్పుకి కొత్త చీర కట్టడం. దెబ్బలు తిన్నామెకు "మనసు ప్రశాంతంగా పెట్టుకో" అని చెప్పేవాళ్ళు మన చుట్టూ తక్కువ లేరు. ఓర్పు కళ్ళు మూసుకోమంటుంది, ఎరుక తెరవమంటుంది. నిజంగా ఎరుకతో తోమితే ముందు తెలిసేది నడుం నొప్పి. తర్వాత తెలిసేది, పక్కన మంచం మీద కూర్చున్నవాడి చేతులు ఖాళీగా ఉన్నాయని!

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. కొన్నేళ్ళ కిందట ఒక కోయ గుంపుకి సర్వే కాగితాలు పట్టుకుని వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. ఇప్పపూల కాలం. తెల్లవారుజామునే రాలిన పూలు ఏరుకొచ్చి, ఎండబోస్తూ ఒకామె నాతో మాట్లాడింది. నా కళ్ళు కాగితం మీద, మనసు మధ్యాహ్నం బస్సు మీద. "రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు" అందామె. "ఆరోగ్య సమస్య" అని రాసుకుని తర్వాత ప్రశ్నకి పోయాను. ఎందుకు పట్టడం లేదని అడగలేదు.

రెండు నెలల తర్వాత తెలిసింది. భర్త చనిపోయాక ఆమె దున్నుకుంటున్న పోడు చెక్కకు మరిది తన పేరున దరఖాస్తు పెట్టుకున్నాడు. గ్రామసభ రిజిస్టరులో ఆమె వేలిముద్ర కూడా ఉంది. ఆమె సభలో కూర్చుంది. ఏం రాశారో ఎవరూ చదివి వినిపించలేదు. ఆ సభలో ఆమె హాజరు ఎలాంటిదో, ఆమె ముందు నా హాజరూ అలాంటిదే. ఇద్దరం ఉండీ లేము.

2006 అటవీ హక్కుల చట్టం ఏం చెబుతోందో మీకు తెలుసు. పెళ్ళైనవాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉమ్మడిగా ఇవ్వాలి. ఒంటరి స్త్రీ కుటుంబ పెద్ద అయితే ఆమె పేరునే ఇవ్వాలి. అటవీ హక్కుల కమిటీలో కనీసం మూడోవంతు స్త్రీలుండాలి. సభ కోరంలోనూ మూడోవంతు స్త్రీలుండాలి. చట్టం మన తలలు లెక్కపెట్టింది. మంచిదే. కానీ ఆ కూర్చున్న స్త్రీ కాగితంలో ఏముందో విని, అర్థం చేసుకుని, "ఆగండి, మళ్ళీ చదవండి" అన్నప్పుడే అది హాజరు. తునికాకు కల్లంలో యాభై ఆకుల కట్టలో ఒక్కటి తగ్గినా వేళ్ళతోనే పసిగట్టే స్త్రీకి, ఈ శ్రద్ధ మనం కొత్తగా నేర్పాలా? ఆ శ్రద్ధను సభదాకా రానివ్వని భయాన్ని తొలగించడమే మన పని.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది కూడా ఇదే. అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ పాఠం చదివిన ఆడవాళ్ళు, అందులో ఉన్నది తమ ఇల్లే అని గుర్తుపట్టారు. మా తలరాత అని వెనక్కి పోలేదు, ఎప్పటికో మారుతుందని ఆగలేదు. ఇవాళ, ఈ ఊళ్ళో, ఈ సారా దుకాణం అన్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎదుట ఉన్నదాన్ని కళ్ళారా చూడటంతో మొదలైన ఉద్యమమది.

అందుకని మూడు చిన్న పనులు చేద్దాం. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు గడప ముందు ఆగి మూడుసార్లు నెమ్మదిగా ఊపిరి తీసుకుందాం. ఆమె మాట పూర్తయ్యేదాకా కలం ముట్టుకోవద్దు. రాత్రి పడుకోబోయే ముందు రేపటి పనుల జాబితా పక్కన పెట్టి, ఇవాళ ఎవరి మాట సగమే విన్నానని ఒక్కసారి తల్చుకుందాం. అది మనల్ని నిందించుకోవడానికి కాదు. తెల్లారి వెళ్ళి మిగతా సగం వినడానికి.

ఇంకో మాట. మన ఒంటి మాట కూడా విందాం. తలనొప్పితో, ఆకలితో తిరిగే కార్యకర్త ఎదుటామె బాధ ఎంతసేపు వినగలదు? విశ్రాంతి మనకెవరో ఇచ్చే బహుమానం కాదు. ఈరోజులో భయం లేకుండా కాసేపు కూర్చోగలగడం ప్రతి స్త్రీ హక్కు. ఇప్పపూలు ఏరే ఆమెకీ, ఆమె గురించి రాసుకునే మనకీ.

ఆమె భూమి సంగతి అడుగుతారేమో. మళ్ళీ గ్రామసభ పెట్టించాం. కాగితం గట్టిగా చదివించాం. ఆమె లేచి, "ఈ చెక్క నాది" అంది. దరఖాస్తు మీద పేచీ ఇంకా తెగలేదు. కానీ ఆ రోజు ఆమె సభలో ఉంది. నేనూ ఉన్నాను.