పాత మోటారు సైకిలు ప్రక్కకు ఒరిగితే

ప్రక్క స్టాండు మీద నిలిపిన మోటారు సైకిలు ఎడమకు ఒరిగే ఉంటుంది. అది దోషం కాదు; ఆ ఒరుగుదల వల్లనే అది నిలుస్తున్నది. చక్రాలు నేలను తాకే చోట్లు రెండు, స్టాండు పాదం మూడవది. ఈ మూడింటి నడుమ ఏర్పడే త్రికోణంలో వాహనపు బరువు పడినంతకాలం భయం లేదు. అయితే వయసు మళ్లిన వాహనాలలో ఈ ఒరుగుదల ఏటేటా కొద్దికొద్దిగా పెరుగుతుంది. రోజూ చూసే కంటికి ఆ పెరుగుదల కనిపించదు. ఒకనాడు వాహనం పడిపోయిన తరువాతనే తెలుస్తుంది.

మా ఇంట అట్లాగే తెలిసింది. మా తండ్రిగారు 1972లో కొన్న బుల్లెట్టు నేటికీ మావద్ద ఉంది. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో రూపొందిన నమూనాను, 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ మనదేశంలో తయారుచేసింది. మాది ఆ కోవకు చెందిన 350 సి.సి. వాహనం. గేరు కుడికాలి క్రింద, బ్రేకు ఎడమకాలి క్రింద ఉండే పాత పద్ధతి. వాన వెలిసిన ఒక సాయంత్రం దానిని వసారా ముందు నిలిపి లోపలికి వెళ్లాను. తడిసిన నేలలో స్టాండు పాదం దిగబడి, వాహనం ఎడమకు కూలింది. ప్రక్కింటి ఏడేళ్ల పిల్లవాడు అంతవరకూ అక్కడే కూర్చుని గోలీలాడుకుంటూ, తల్లి పిలిచిందని అప్పుడే లేచి వెళ్లాడు. హ్యాండిలు తగిలి తులసికోట అంచు విరిగింది. 160 కిలోలకు పైబడిన బరువది. ఇంకొక నిమిషం ఆ పిల్లవాడు అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేదో నా భార్యా అనలేదు, నేనూ అనలేదు.

మరునాడు వాహనాన్ని మరమ్మతుకు తీసుకుపోయాను. మెకానిక్కు దానిని చూస్తూనే, స్టాండు పొట్టిదైపోయిందన్నాడు. పాదం క్రింద రెండంగుళాల ఇనుప ముక్క అతికించి పంపాడు. వాహనం నిటారుగా, చూడ ముచ్చటగా నిలబడింది. వారం తిరగకుండానే వీధిలో పోయే ఆవొకటి రాచుకుంటే, ఈసారి కుడివైపుకు పడి సైలెన్సరు నొక్కుకుపోయింది. ఆ పనివానిని నేను నిందించను. ఒరుగుదల ఎంత, ఎందుచేత అని విచారించకుండా, దానిని పోగొట్టమని మాత్రమే అడిగాను. అడిగిన పని అతడు చేశాడు. స్టాండును పొడిగించడం చిట్టచివర చేయదగిన పని అని నాకు తెలియడానికి ఈ రెండవ పతనం కావలసి వచ్చింది.

ముందుగా కొలవాలి. పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానిని ఒకటి తీసుకుని, దాని నడిమి రంధ్రం నుంచి దారం వ్రేలాడదీసి, దారం కొసకు ఒక నట్టు కట్టండి. కోణమానిని సరళపు అంచు పైకి, వంపు క్రిందికి ఉండేటట్లు వెనుక నంబరు ప్లేటుకు అంటించండి. చదునైన గచ్చు మీద, సెంటరు స్టాండు వేసినపుడు దారం 90 దగ్గర నిలవాలి. ప్రక్క స్టాండు మీదికి మార్చినపుడు దారం ఎన్ని గీతలు జరిగితే ఒరుగుదల అన్ని డిగ్రీలు. నేను మెకానిక్కు అతికించిన ముక్కను కోయించి కొలిస్తే మాది 19 వచ్చింది. ముక్కతో ఉన్నపుడు అది 8 డిగ్రీల లోపే. ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉండవలసిన వాహనాన్ని, మేము ఒక అంచు నుంచి మరొక అంచుకు నెట్టామన్నమాట.

ఇక కారణాలు. వెనుక స్ప్రింగులు మెత్తబడ్డాయి గనుక ఒరుగుతున్నదని చాలామంది అంటారు. ఆలోచిస్తే నిజం దీనికి విరుద్ధం. స్ప్రింగులు కుంగితే వాహనం క్రిందికి దిగుతుంది. స్టాండు పొడవు మాత్రం మారదు. కనుక వాహనం మరింత నిటారవుతుంది. టైర్లలో గాలి తగ్గినా ఇంతే. మరి ఒరుగుదల పెరిగేదెప్పుడంటే, బారైన షాకబ్జర్లు గాని, పాతదానికంటె లావైన టైరు గాని వేయించినపుడు. అటువంటి మార్పు ఏదైనా జరిగిందేమో ముందుగా జ్ఞాపకం చేసుకోవాలి. మా వాహనానికి జరగలేదు.

అసలు వ్యాధి సాధారణంగా స్టాండు కీలులో ఉంటుంది. స్టాండు తల రెండుగా చీలి, చట్రానికి ఉన్న ఇనుప చెవిని ఇరుప్రక్కలా పట్టుకుంటుంది. మధ్యగా బోల్టు పోతుంది. ఏళ్ల తరబడి రాపిడికి బోల్టు సన్నబడుతుంది, గుండ్రని రంధ్రం కోడిగ్రుడ్డు ఆకారానికి వస్తుంది, చీలిక వెడల్పవుతుంది. ఈ వదులు చూడడానికి అత్యల్పం. కాని చెవి మందం 12 మిల్లీమీటర్లు, స్టాండు పొడవు 25 సెంటీమీటర్లు అనుకుంటే, కీలు దగ్గర అర మిల్లీమీటరు సందు పాదం దగ్గరకు వచ్చేసరికి ఒక సెంటీమీటరు అవుతుంది. ఆ మేరకు పాదం బయటికి జరుగుతుంది, వాహనం వాలుతుంది. వాలిన కొద్దీ స్టాండు మీద పడే భారం హెచ్చుతుంది. భారం హెచ్చిన కొద్దీ కీలు మరింత అరుగుతుంది, స్టాండు కాడ మరింత వంగుతుంది. అప్పు మీద వడ్డీ పెరిగినట్లు పెరగడమే గాని తరగడం లేదు.

దీనిని పరీక్షించడం తేలిక. సెంటరు స్టాండు వేసి, ప్రక్క స్టాండును దించి, పాదం పట్టుకుని లోపలికీ బయటికీ ఊపి చూడండి. మాది వదులైన పన్నులాగా ఆడింది. రంధ్రాన్ని లేతు పనివానిచేత గుండ్రంగా సరిచేయించి, గన్‌మెటల్ బుష్ కొట్టించి, కొత్త బోల్టు వేయించాను. చీలికలో మిగిలిన సందును వాషరుతో పూరించి గ్రీజు పెట్టించాను. నట్టు బిగువుగా ఉండాలి, స్టాండు మాత్రం స్వేచ్ఛగా తిరగాలి. అందుకని దానిమీద మరొక నట్టు బిగించి కదలకుండా చేశారు. కాడకు వంకర ఉండగా, ఊడదీసి కొలిమిలో ఎర్రగా కాల్చి సాపు చేయించాను. ఊడదీయకుండా, గొట్టం తొడిగి అక్కడికక్కడే వంచబోయేవారున్నారు. ఆ బలమంతా చట్రపు చెవి మీద పడుతుంది. ఆనాటి చట్రాలలో పలు కీళ్లు ఇత్తడితో అతికినవి. ఒకసారి పగిలితే దానికయ్యే ఖర్చు ముందు స్టాండు ఖర్చు లెక్కలోనిది కాదు.

స్టాండు ముందుకు వచ్చి ఆగేచోట ఒక నిలుపు ఉంటుంది. అది అరిగితే స్టాండు మితిమీరి ముందుకు పోయి వాహనం ఇంకా వాలుతుంది. కొంచెం లోహం పోయించి దానిని నింపవచ్చు. అతిగా నింపరాదు. స్టాండు పాదం కీలుకంటె కాస్త ముందుగానే నిలవాలి. లేకుంటే వాహనం ముందుకు అంగుళం దొర్లినా స్టాండు వెనక్కు మడుచుకుపోతుంది. వెల్డింగు ఏదైనా సరే, స్టాండును వాహనం నుంచి విడదీసిన తరువాతనే. పెట్రోలు టాంకీ క్రింద నిప్పురవ్వలతో చెలగాటం వద్దు.

ఇంత చేసిన తరువాత దారం 15 దగ్గర నిలిచింది. నాలుగు డిగ్రీలు కీలులోనూ వంకరలోనూ ఉన్నాయన్నమాట! మిగిలిన దానికే పాదం క్రింద బిళ్ల వేయించాను. దీనికి లెక్క ఉన్నది. మా వాహనంలో టైర్లు నేలను తాకే రేఖకూ స్టాండు పాదానికీ దూరం సుమారు 25 సెంటీమీటర్లు. అంత దూరంలో ఒక డిగ్రీ మారడానికి కావలసిన ఎత్తు సుమారు 4 మిల్లీమీటర్ల పైచిలుకు. కనుక 8 మిల్లీమీటర్ల బిళ్లతో 13కు వచ్చింది. రెండంగుళాల ముక్క ఎంత అనర్థమో ఈ లెక్కే చెబుతుంది.

వెడల్పైన బిళ్ల అయితే మెత్తని నేలలో దిగబడదు. కాని దానిని వేయించిన పిదప స్టాండును మడిచి, బ్రేకు పెడలుకు తగలకుండా ఉన్నదా, ఎడమ మలుపులో వాహనం వాలినపుడు నేలను గీరకుండా ఉంటుందా అని తప్పక చూడాలి. పాత వాహనాలలో, స్టాండు దిగి ఉండగా ఇంజను ఆగిపోయే ఏర్పాటు లేదు.

చివరి పరీక్షకు సహాయంగా మా అమ్మాయిని కుడివైపు చేయి ఆనించి నిలబెట్టాను. హ్యాండిలును ఎడమకు పూర్తిగా త్రిప్పి, ఎడమవైపు నుంచి అరచేతితో నెమ్మదిగా నెట్టాను. వాహనం కదలి, తిరిగి తన చోటికే వచ్చింది. ఆవు రాచుకున్నా ఇక పడదని మా అమ్మాయి తీర్పు చెప్పింది. రోడ్డు వార నిలిపేటపుడు మాత్రం నేల ఎడమకే పల్లంగా ఉంటుంది గనుక, ఇంట్లో కొలిచిన 13 అక్కడ ఇంకొంత పెరుగుతుంది. వేసవి మధ్యాహ్నం బెజవాడ తారురోడ్డు మీదనైతే, స్టాండు పాదం క్రింద పెట్టడానికి పలుచని ఇనుపరేకు ముక్క ఒకటి ఎప్పుడూ పనిముట్ల పెట్టెలో వేసుకుని తిరుగుతున్నాను.