కథ చెప్పేవారి బాధ్యత



చింతామణి తాలూకాలోని కైవారమే భారతంలోని ఏకచక్రపురమనీ, భీముడు బకాసురుని వధించినది అక్కడనేననీ స్థలపురాణం చెబుతున్నది. అక్కడి భీమలింగేశ్వరాలయం ఆ నమ్మకానికి గుర్తుగా నిలిచి ఉన్నది. ఈ సీమలోని తెలుగు ఇండ్లలో పిల్లలు ఆ కథను పుస్తకంలో చదువుటకు ముందే అవ్వ నోట వినుట ఆనవాయితీ.

కథ ఒక్కటే అయినా, చెప్పేవారిని బట్టి దాని ఫలం మారుతుంది. భీముడు బండెడు అన్నమూ తానే ఆరగించే ఘట్టంలో కథకుడు నిలిస్తే పిల్లలు పకపక నవ్వుతారు. రాక్షసునికి ఆహారంగా 'నేను పోతానంటే నేను పోతా'నని బ్రాహ్మణ దంపతులు, కూతురు ఒకరికొకరు అడ్డుపడే చోట నిలిస్తే త్యాగమంటే ఏమో బోధ లేకుండానే తెలుస్తుంది. మాటలైనా సరిగా రాని పసివాడు గడ్డిపరక చేతబట్టి, దానితోనే రాక్షసుని చంపుతానన్న చోట నిలిస్తే, వినే ప్రతి బిడ్డా ఆ పసివాడే అవుతాడు. ఎక్కడ నిలవాలో ఎరుగుటయే కథకుని విద్య.

అయితే కథకుడు ఒంటరివాడు కాడు. భారతాన్ని వైశంపాయనుడు జనమేజయునికి చెప్పాడు. అర్జునుని మునిమనుమడైన ఆ రాజు విన్నది తన వంశకథనే. అతడు అడుగగా అడుగగా కథ సాగింది. ఆ భారతాన్నే 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుడు కోరగా నన్నయ తెనిగించ పూనుకొన్నాడు. బుర్రకథలోనూ కథకుడు తంబుర మీటుతూ నడుమ నిలిస్తే, ఇరువైపులా వంతలు గుమ్మెటలు వాయిస్తూ ప్రశ్నిస్తారు, పరిహసిస్తారు. శ్రోత మనసులోని సందేహం వంత నోట పలుకుతుంది. 1986లో పద్మశ్రీ అందుకొన్న షేక్ నాజర్ ఈ కళకే జీవితాన్ని అర్పించాడు.

ఇంట అవ్వకు వంత మనుమడే. వాడు 'ఊ' కొడితేనే కథ కదులుతుంది.

కన్నడ, తెలుగు భాషలు రెండింటిలోనూ కైవార నారాయణప్ప కీర్తనలు పలికాడు. కనుక ఈ సీమలో ఒక భాష మరొకదానికి శత్రువు కాదు. తెలుగుకు నిజమైన ఆపద ఇంటిలోని మౌనమే. కథ ఆగిన ఇంట తెలుగు 'తిను, పడుకో, బడికి పో' అనే ఆజ్ఞలకే మిగులుతుంది. అక్షరం బడి నేర్పగలదు. ఆ అక్షరంపై మమకారం కలిగించేది ఒడిలో విన్న కథ.

తల్లిదండ్రులారా, పూర్వ విద్యార్థులారా! ఈ రాత్రి ఇంట ఒక్క కథ చెప్పండి. 'ఊ' కొట్టేందుకు బిడ్డ సిద్ధంగానే ఉన్నది.