ప్రజల టీవీకి నిధులు నిలబెట్టండి

అమెరికాలో 1967లో వచ్చిన ప్రజా ప్రసారాల చట్టం స్థానిక టీవీ, రేడియో కేంద్రాలకు ప్రభుత్వ నిధులు అందే ఏర్పాటు చేసింది. 1969లో రెండు కోట్ల డాలర్ల నిధుల్లో కోత మాట వచ్చినప్పుడు, పిల్లల కార్యక్రమాల రూపకర్త ఫ్రెడ్ రోజర్స్ సెనేట్ ఉపసంఘం ముందు నిలిచారు. కోపాన్ని అదుపు చేసుకోవడం పిల్లలకు నేర్పే తన పాటను చదివి వినిపించారు. ఒళ్లు పులకరించిందన్నారు ఛైర్మన్ జాన్ పాస్టోర్. ఆ రెండు కోట్ల డాలర్లు మీకు దక్కినట్టేనని చెప్పారు.

2025 జులైలో మాత్రం అమెరికా కాంగ్రెస్ ప్రజా ప్రసారాలకు కేటాయించిన దాదాపు 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. పెద్ద నగరాల కేంద్రాలు విరాళాలతో నెట్టుకురావచ్చు. జనం పలచగా ఉండే పల్లె ప్రాంతాలకు ఆ దారి ఇరుకు. చిన్నపిల్లల పాఠాలు, ఊరి సమస్యలపై చర్చలు, ఆపద వేళ హెచ్చరికలు లాభనష్టాల లెక్కకు అందేవి కావు. చట్టసభల సభ్యులారా, ఆ నిధులను పునరుద్ధరించండి!