బడి పాఠము - ఇంటి నడత



పిల్లల నడవడిని దిద్దుట ఉపాధ్యాయుని పనియా, ఇంటివారి పనియా అను ప్రశ్న మన పల్లెలలో తరచుగా వినవచ్చును. దీనిని గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసెదను.

ఆళ్లగడ్డలో శిల్పులు తరతరములుగా దేవతా విగ్రహములను చెక్కుచున్నారు. శిల్పి యింటి బాలునకు ఓర్పును గూర్చి వేరుగా ఎవరును పాఠము చెప్పరు. తండ్రి ఉలి పట్టి, తొందరపడక దెబ్బ వెంబడి దెబ్బ వేయుచుండగా వాడు ప్రక్కన కూర్చుండి చూచును. పగిలిన రాయి మరల అతుకదని వానికి కన్నులే బోధించును. మంచి నడతయు ఇట్లే చూచి నేర్వవలసినది.

ఇక నంద్యాల ప్రాంతపు నల్లరేగడి చేలను తలచుకొనుడు. ప్రత్తితీత వచ్చినప్పుడు కొన్ని యిండ్లలో బిడ్డను బడి మాన్పించి చేనికి గొనిపోవుదురు. పేదవాని అక్కరను నేను నిందింపను. కాని మరునాడు "అయ్యవారడిగిన జ్వరము వచ్చినదని చెప్పుము" అని నేర్పి పంపుట కలదే, అది ఒకనాటి చదువు పోవుటకంటె పెద్ద నష్టము. సత్యమే పలుకవలెనని బడిలో వల్లించిన బిడ్డ, ఆ సత్యము పెద్దలకు పట్టదని ఆ క్షణముననే గ్రహించును. పిమ్మట ఆ పాఠమును నూరుమారులు చెప్పినను ఫలమేమి? తండ్రియే వచ్చి ఉన్నమాట చెప్పినచో, పోయిన పాఠమును మరల చెప్పించుకొనవచ్చును. బిడ్డ యెదుట పెద్దల మాటయు నిలుచును.

ఇంటివారికి బడిలో చట్టమే చోటు కల్పించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులు, సంరక్షకులు ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. ఉపాధ్యాయుడు తలిదండ్రులతో క్రమముగా సమావేశమై పిల్లల హాజరును, చదువును తెలుపవలెనని కూడ అందు కలదు. 2024 డిసెంబరు 7వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో ఇట్టి సమావేశములు ఒక్కదినముననే జరిగినవి. అయితే పండుగవలె ఏటికొకసారి కూడి విడిపోయిన చాలదు.

సంఘము కూడినప్పుడు గోడలను గూర్చియు, నీళ్లకుళాయిని గూర్చియు మాటలాడుట అవసరమే. దానితోబాటు ఒక్క గడియ పిల్లల నడవడికి కేటాయింపుడు. నెలకొక గుణమును ఎన్నుకొనుడు: ఆడినమాట నిలుపుకొనుట, పరుల వస్తువును ముట్టకుండుట, మధ్యాహ్న భోజనమున కులభేదమెంచక అందరితో కూర్చుండుట. బడిలో ఉపాధ్యాయుడు దానిని చెప్పును. ఇంటిలో మీరు చేసి చూపుడు. నెల గడచిన పిమ్మట ఇంటి సంగతి తల్లియు, బడి సంగతి ఉపాధ్యాయుడును ఒకరికొకరు చెప్పుకొనవలెను. చదువురాని తల్లియు ఈ విషయమున ఎవరికిని తీసిపోదు. బిడ్డ నడత ఆమె యెరిగినట్లు వేరెవ్వరెరుగుదురు?

మనుమని చేయి పట్టుకొని బడివరకు నడచి, ఒకమారు ఉపాధ్యాయుని పలుకరింపుడు. అంతటితో ఈ పనికి మొదలు పెట్టినట్లే. సెలవు.