రాగి చేలో కట్టెల పంట

(సంఘ సభ్యుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



మన ఇండ్లలో తరచుగ వినవచ్చు మాట యొకటి కలదు: "ఊరిలో భూమి యున్నది, చూచువారు లేరు." కోలారు, ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి ప్రాంతములనుండి రెండు మూడు తరముల క్రిందట బెంగుళూరు చేరిన కుటుంబములకు ఇది పాత చింతయే. అట్టి భూములలో త్వరగ పెరుగు చెట్లను నాటి, ఆ కట్టెను విద్యుచ్ఛక్తికిని బాయిలర్లకును అమ్ముకొనవచ్చునని సలహా నిచ్చువారు కలరు. బొగ్గు త్రవ్విన కొలది తరుగును; చెట్టో, నరికిన మోడునుండియే మరల చిగిర్చును. కాలునపుడు విడిచిన బొగ్గుపులుసు వాయువును పెరుగునపుడు తిరిగి పీల్చుకొనును. వాదము సబబుగనే యున్నది. అయినను ఆ చెట్టు ఏ నేలలో నిలుచును, ఎవరి నీరు త్రాగును అని అడుగక తప్పదు.

ఇంధనమునకై చెట్లు పెంచుట క్రొత్త విద్య కాదు. చెన్నరాజధానిలో రైలుబండ్లు కట్టెలతో నడచిన పందొమ్మిదవ శతాబ్దమున, వాటికొరకు సముద్రతీరపు ఇసుకనేలలలో సరుగుడు తోపులు వేసిరి. నెల్లూరు తీరమున సరుగుడు నేటికిని పైరువలె సాగగుచున్నది. తిండిగింజ సరిగ పండని ఇసుకలో అది పెరుగును. వేళ్ల బుడిపెల మూలమున నత్రజనిని తానే సమకూర్చుకొనును. గ్యాసు పొయ్యిలు రాకమునుపు మన నగరమునందే సౌదె డిపోలో కట్టెలు తూకము వేయించుకొని వచ్చిన పెద్దలు ఈ సభలో లేకపోరు.

నీలగిరి చెట్టు కథ వేరు. టిప్పు సుల్తాను 1790 ప్రాంతమున నందిదుర్గపు తోటలో దీనిని నాటించెనని ప్రతీతి. దేశమంతట వ్యాపించిన మైసూరు నీలగిరి జాతి ఆ తోట చెట్ల సంతతియే. 1980 తరువాత సామాజిక వనముల పథకము క్రింద కోలారు జిల్లాలో రాగి పండు చేలు అనేకము నీలగిరి తోపులయ్యెను. పల్లె పొయ్యికి కట్టె దొరకునని చెప్పిరి. కట్టెలో హెచ్చుభాగము కాగితపు మిల్లులకును కృత్రిమ పట్టు మిల్లులకును చేరెను. రాగి పోవుటతో కూలివానికి పని పోయెను, పశువులకు గడ్డి పోయెను. 1983లో తుమకూరు జిల్లా రైతులు నర్సరీలోని నీలగిరి మొక్కలను పెరికివైచి, చింత, మామిడి విత్తనములు నాటిరి.

నేనును ఆ తప్పులో పాలుగొన్నవాడనే. 1986లో మా ఊరి ఆరెకరముల చేలో నీలగిరి నాటించితిని. మేకలు ముట్టవు, కాపలా అక్కరలేదు. పట్టణవాసికి ఇంతకన్న ఏమి కావలెను? మూడు కోతలు అమ్ముకొంటిని. రెండవ కోతనాడు ప్రక్క చేని రైతు నాతో, "అన్నా, మీ చెట్లు పైకి పోతాండాయి, మా బావిలో నీళ్లు కిందికి పోతాండాయి" అనెను. నేను నవ్వి ఊరకుంటిని. బోరుబావుల దోషమును నేను తక్కువ చేయను. కాని అతని మాట ఉత్తది కాదని పిమ్మట తెలిసినది.

మన పొరుగు హొసకోటెలో శాస్త్రజ్ఞులు నీలగిరి తోపును కొలిచి 1997లో ఫలితములు ప్రకటించిరి. వానలు తక్కువైన మూడేండ్లలో కురిసినది 2100 మిల్లీమీటర్లు. చెట్లు వాడుకొన్నది 3400. తక్కువపడిన 1300 మిల్లీమీటర్లును లోతైన మట్టిలో ఏండ్ల తరబడి నిలువయున్న చెమ్మనుండి తీసికొన్నవే. వేళ్లు ఏటికి రెండున్నర మీటర్లకు మించి దిగుచుండెనట. మట్టి లోతులేని తావులలో మాత్రము నీలగిరి సహజారణ్యముకంటె ఎక్కువ త్రాగలేదని వారి పరిశోధనలే చెప్పుచున్నవి. కనుక దోషము చెట్టుది మాత్రమే కాదు, తావుది కూడ. కర్ణాటక ప్రభుత్వము 2017లో క్రొత్తగ నీలగిరి నాటుటను నిషేధించినది.

కట్టెతో విద్యుత్తు తీయుట మంచి పద్ధతిలో జరిగిన చోటును చెప్పవలెను. మన టాటా ఇన్‌స్టిట్యూటులో 1974లో ఆచార్య అమూల్య రెడ్డిగారు పల్లెలకు పనికివచ్చు శాస్త్రము కొరకు 'అస్త్ర' అను కేంద్రమును నెలకొల్పిరి. ఆ కేంద్రము వారు 1988లో కుణిగల్ తాలూకా హొసహళ్లిలో చిన్న యంత్రమును నిలిపిరి. కట్టెముక్కలను చాలీచాలని గాలిలో కాల్చినచో మండు వాయువు వెలువడును. దానిని కడిగి, చల్లార్చి, డీసెలు ఇంజనుకు పంపినచో డీసెలు ఖర్చు చాలవరకు తగ్గును. ఒక యూనిటుకు ఇంచుమించు కిలో ఎండుకట్టె చాలును. దీపములు వెలిగినవి, త్రాగునీరు వచ్చినది, పిండిమర తిరిగినది. కట్టె కొరకు ఎవరి రాగి చేనును తీసికొనలేదు. ఊరి ఉమ్మడి భూమిలో సుమారు రెండు హెక్టార్లలో పలుజాతుల చెట్లు పెంచిరి. ఆ ఊరి కట్టె ఆ ఊరికే వెలుగైనది.

అందుచేత మనవారు నన్నడిగినచో చెప్పునది ఇదియే: రాగి చేనిని రాగికే విడువుడు, దున్నువానికి కోరుకిండు. కట్టె కావలెనన్న గట్లమీద కానుగ పెట్టుడు. కొమ్మలు కొట్టుకొన్నను చెట్టు నిలుచును, ఆకు ఎరువగును, గింజలో నూనె యుండును.

నా ఆరెకరములలోని నీలగిరి మోళ్లను యంత్రముతో పెకలింపించితిని. మూడవ కోత డబ్బులో చాలభాగము దానికే సరిపోయినది. ఆ ప్రక్క రైతు కుమారుడే ఇప్పుడందు కోరుకు రాగి చల్లుచున్నాడు. వాని తండ్రి బావిలోనికి నీరు ఇంకను రాలేదు.